ఒకరి నాలుగు

ఐదొందల కార్డులు, పర్లాకిమిడి పాఢి ప్రెస్సులో.
ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా,
రెంటికీ కాటా బొమ్మ ఒకటే.
పైల కూర్మన్న.
కాటాలు అమ్మబడును, బాగుచేయబడును.
నా పేరు అంత నున్నగా ఉండటం
నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికొచ్చి ఒక కార్డు తీసి
నా కాటా మీదే పెట్టాను.
సున్నా.
ఐదు గ్రాములు దాటితే గాని అది ఎవర్నీ లెక్కచెయ్యదు.

కాశీనగర్ సంతలో శుభలేఖల్లా పంచాను.
చింతపండు షావుకార్లకి, జీడిపిక్కల వాళ్ళకి,
బస్సు కిటికీలోంచి చెయ్యి చాపిన ప్రతివాడికీ.
పొద్దుగూకేసరికి నూటనలభై ఖాళీ.
తిరిగొస్తుంటే దారంతా నేనే కనిపించాను:
టీకొట్టు బల్ల కాలికింద నాలుగు మడతలై,
ఒక ముసలాయన పంటి సందులో పుల్లనై,
మురిక్కాలవలో ఎవరి పిల్లదో పడవనై.

వారమంతా ఫోను మోగలేదు.
ఎనిమిదో రోజున మోగింది. మొహనా ఆస్పత్రి నర్సట,
ప్రెస్సువాళ్ళనడిగి నా నంబరు పట్టుకుందట.
“నీ కాటాలేటి బాబూ, నా ఫోనేటి?
నేను పురిటిగదిలో ఉంటే
మూడు క్వింటాళ్ళది ఎంతకిస్తావని అడుగుతన్నారు నన్ను!”

పాఢి నేను రాసిచ్చిన కాగితం వెతికి తీశాడు.
ఒడియా బళ్ళో దిద్దిన చెయ్యి నాది,
మాట తెలుగే గాని అంకె మాత్రం అలాగే పడుతుంది.
నా నాలుగంటే నెత్తిన మూతలేని ఎనిమిది.
కొత్త కుర్రాడిది పాతపట్నం,
జాలిపడి మూత పెట్టేశాడు.
సరిహద్దంటే చెక్‌పోస్టనుకున్నానా ఇన్నాళ్ళూ,
ఒకరి నాలుగు ఇంకొకరి ఎనిమిది, అంతే.

మళ్ళీ అచ్చువెయ్యడానికి డబ్బుల్లేవు.
మూడొందల అరవై కార్డులు, ఒక నీలం పెన్ను.

అప్పట్నించి ఎవరికీ ఊరికే ఇవ్వలేకపోయాను.
“ఉండండి, ఒక అంకె తప్పుంది” అని
గోనెబస్తా మీద పెట్టి కొట్టేసి దిద్దేలోగా
మనిషి నిలబడాలి కదా.
నిలబడ్డ మనిషి ఊరుకోడు కదా.
దాలమ్మ కాటా వానకి తడిసి
రెండొందల గ్రాములు ఎక్కువ చూపిస్తోందట.
“అమ్మితే బాగానే ఉంటది బాబూ,
కొంటేనే కొంప మునిగిపోతంది” అని పకపకా నవ్వింది.
సాహు కొడుక్కి ముద్రల ఇన్‌స్పెక్టరంటే జ్వరం.
వాళ్ళ కార్డు ఉంటే అడిగి పుచ్చుకుని
రాత్రి దీపం కింద వెనకవైపు రాసుకునేవాణ్ణి:
తడి. ముద్ర మార్చిలో. ఎడమ చెవి వినపడదు, కుడిపక్క నిలబడు.
కార్డు లేనివాళ్ళని బీడీకట్ట కాగితం మీద.

కొండ దిగొచ్చిన ఏలియా గమాంగోకి
ఒడియా మాటొచ్చు, అక్షరం రాదు.
బొమ్మకేసి చాలాసేపు చూశాడు.
నీలంగా దిద్దిన చోట వేలు పెట్టి, ఇదేమిటన్నాడు.
నా చేత్తో రాసింది, అన్నాను.
ఆ చోటే మళ్ళీ ఒకసారి తడిమి
చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

రెండు నెల్లకి ఫోను:
“మా పసుపు ఇక మేమే తూచుకుంటాం. పెద్దది పంపు.”
ఇన్నాళ్ళూ ఆ పసుపు తూచిన షావుకారు
నా దగ్గర కొన్నవాడే.
ఆ రాత్రి రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను.
తెల్లారి పెద్దది పంపాను.
షావుకారు ఇప్పుడు నన్ను చూసి పలకరించడు.

కొత్త కార్డులకి ప్రూఫు చూపిస్తూ
“ఈసారి తప్పుండదు” అన్నాడు పాఢి.
ఆ ఒక్క అంకె చోటు ఖాళీగా వదిలెయ్యమన్నాను.

నర్సమ్మకి పసిపిల్లల్ని తూచే కాటా పంపుతున్నాను.
కట్టేముందు దాని మీద ఒక కార్డు పెట్టాను.
ఒకటి చూపించింది. సున్నాకి పోయింది. మళ్ళీ ఒకటి.

ఫ్యాను ఆపి చూడాలి.